మూడు ప్రయోగాలు లేని పనిముట్టు

రెండు వేల పందొమ్మిది అక్టోబరు పద్నాలుగు, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు విశాఖపట్నంలో ఈశాన్యం నుంచి సన్నని జల్లు పడుతోంది. ఉష్ణోగ్రత ఇరవై ఎనిమిది డిగ్రీలు. మా మాండలిక పదకోశ సంస్థ గోడకున్న క్యాలెండరు తేమకు కింది అంచు చుట్టుకుపోయి, నెలలోని చివరి వారాన్ని దాచేసింది. ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ నిమిషం దాకా మా సంస్థలో చెప్పుకోదగిన అనర్థమేదీ జరగలేదు.

ఆ నిమిషానికి ధ్వనిభాండారంలోని కంప్యూటరు తెర మీద ఒక ప్రశ్న కనిపించింది. ముందురోజే దానిలో కొత్త వ్యవస్థ ఎక్కించారు. కొత్త వ్యవస్థకు అనుమానం ఎక్కువ. ఏ పనిముట్టయినా ఒక ఫోల్డరు జోలికి పోగానే ఆగి అడుగుతుంది: ఫలానాది మీ పత్రాల ఫోల్డరును చూడదలచుకున్నది, అనుమతిస్తారా? కింద రెండు గుండీలు. ఒకటి సరేననడానికి, రెండోది కాదనడానికి.

సాంకేతికాధికారి సుగుణాకర్‌కు రెండూ ప్రమాదకరంగానే కనిపించాయి. ఏది నొక్కినా నొక్కినవాడు తానే అవుతాడు. అందుచేత ఏదీ నొక్కకుండా డైరెక్టరు వేదాద్రి గారికి ఫోను చేశాడు. వేదాద్రి గారు అదే కారణం చేత నాకు ఫోను చేశారు. నేను ఆ సంస్థకు గౌరవ సంపాదకురాలిని. విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఎవరైనా అభిప్రాయం అడిగితే లేదనలేని బలహీనత కలదాన్ని.

తలుపు తట్టిన పనిముట్టు చాలా చిన్నది. రోజూ సాయంత్రం అందరూ ఇళ్ళకు వెళ్ళాక, పత్రాల ఫోల్డరులో ఉన్న ధ్వనిముద్రికలకు నకలు తీసి బయటి డిస్కులో పెట్టడం దాని పని. మత్స్యకారుల మాటలు మేము ఊరూరా తిరిగి రికార్డు చేసినవన్నీ అక్కడే ఉన్నాయి. మూల టేపులు బూజుపట్టిపోగా ఎప్పుడో పారవేశాం. బయటి డిస్కును కూడా, కొత్త వ్యవస్థకు అనుకూలంగా ఉండాలని, శనివారం నాడు ఖాళీ చేసి సిద్ధం చేశారు. ఆ సాయంత్రం అది మళ్ళీ నిండవలసి ఉంది. అంటే ఆ సోమవారం నాటికి ఆ గొంతులన్నీ ఒకే ఒక డిస్కులో ఉన్నాయి. ఆ డిస్కు పాతది, కొన్నాళ్ళుగా టిక్కు టిక్కుమని శబ్దం చేస్తోంది.

మనుషులే నకలు తీయవచ్చు కదా అని అడగవచ్చు. ఎప్పుడో ఒక పరిశోధకుడు టేపులు ఎత్తుకుపోయిన దరిమిలా, 'ఏ వ్యక్తియు ధ్వనిముద్రికలకు నకలు తీయరాదు' అని మాకొక నియమం ఏర్పడింది. పనిముట్టు వ్యక్తి కాదు గనుక ఇన్నాళ్ళూ తీస్తూ వచ్చింది.

నేను వెళ్ళేసరికి సుగుణాకర్ తెరకు రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మేడమ్, ఇది మామూలు ప్రోగ్రాము కాదండి. ఈ నల్ల కిటికీలో పేరు టైపు చేస్తే నడిచే రకం. దీనికి బొమ్మా ఉండదు, గుర్తూ ఉండదు. కిటికీకి టిక్కు పెట్టామంటే, ఆ కిటికీలోంచి నడిచే ప్రతిదానికీ పెట్టినట్టే."

"ప్రతిదీ అంటే ఎన్ని?" అన్నారు వేదాద్రి గారు.

"వెయ్యికి తక్కువుండవు సార్."

"ముక్కూ మొహం తెలియని వెయ్యిమందికి ఒక్క టిక్కా?"

"మొహం లేకపోవడం వాటి స్వభావం సార్."

వేదాద్రి గారు నావైపు చూశారు. ఒక సమూహానికి అనుమతి ఇవ్వడం వేరు, ఆ సమూహంలోని ప్రతి సభ్యునికీ ఇవ్వడం వేరు అని నేను వివరించాను. విడివిడిగా పేర్లు చేర్చే వీలు కూడా ఉందని సుగుణాకర్ అన్నాడు. "అయితే ఒక్కొక్కదాన్నీ విడిగా విచారించి, అర్హత ఉన్నదానికే ఇద్దాం" అన్నాను. ఆ వాక్యాన్ని తరవాత చాలాసార్లు పరీక్షించి చూసుకున్నాను. దానిలో తర్కదోషం లేదు. అదే వచ్చిన చిక్కు.

ఆ విధంగా అనుమతుల సంఘం ఏర్పడింది. అధ్యక్షురాలిని నేను. వేదాద్రి గారు, సుగుణాకర్, వ్యాకరణ పండితులు పరాంకుశం గారు సభ్యులు.

మేము వరండాలోకి వచ్చేసరికి గరికిన నూకరత్నం బల్ల మీద కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, చేపల వ్యాపారం. తడి గొడుగు కాళ్ళ దగ్గర పెట్టుకుని, దానికింద నీళ్ళు మడుగు కట్టకుండా చెంగు చివరతో తుడుస్తోంది. ఆమె తల్లి ఎల్లాయమ్మ గాలుల పేర్లు చెబుతుండగా రికార్డు చేసింది నేనే. ఏ గాలికి తెరచాప ఎత్తాలో, ఏ గాలికి దించాలో ఆమెకు తెలిసినంతగా ఆ ఒడ్డున మరొకరికి తెలియదు. ఎప్పుడు వచ్చినా మీ వాళ్ళకు మీ గొంతు వినిపిస్తామని ఆ రోజు ఇసకలో కూర్చుని మాట ఇచ్చింది కూడా నేనే. ఎల్లాయమ్మ ముందటి ఏడాది పోయింది.

"సమచ్చరీకం దగ్గరికొచ్చీసింది, అమ్మగోరూ. ఫొటో ఒకటుంది గానీ గొంతు నేదు. ఆ టేపులోది సెల్లులో ఎక్కించి ఇచ్చినారంటే ఆ రోజు అందరం ఇంటాం."

"తప్పకుండా ఇస్తాం. ముందు నకలు తీసే పనిముట్టుకు అనుమతి రావాలి" అన్నాను.

"ఎవులివ్వాలేటి?"

"మేమే."

నూకరత్నం మా నలుగురినీ వరసగా చూసింది. "మీరే ఇవ్వాల, మీకే రావాల. మరి కూకోండి, నాను టీ తాగొస్తాను" అని గొడుగు తీసుకుంది.

*

పదకోశంలో మాకొక పద్ధతి ఉంది. ఏ పదమైనా ఆరోపంగా, అంటే అర్థం రాసి చేర్చే మాటగా, ఎక్కాలంటే దానికి మూడు ప్రయోగాలు చూపాలి. ముగ్గురు వేరువేరు మనుషులు ఆ మాటను వాడగా విన్నట్టు, చదివినట్టు ఆధారం ఉండాలి. ఎవరో ఒకరు కల్పించిన మాట జాతి నెత్తిన ఎక్కకుండా ఈ కట్టుబాటు కాపాడుతుంది. మా జీవితాలు దీని మీదే నడిచాయి. కాబట్టి పనిముట్టు అర్హత ఎలా తేల్చాలన్న ప్రశ్న రాగానే, నలుగురమూ ఒకేసారి నోరు తెరిచి ఒకే మాట అన్నాం. ఆ ఐకమత్యానికి నాకు కళ్ళు చెమర్చాయి.

మొదట నకలు తీసే పనిముట్టు విచారణకు వచ్చింది.

"ఇది పనిచేయగా చూసినవారు?" అన్నాను.

చూసినవారు లేరు. అది పనిచేసేది అందరూ వెళ్ళిపోయాక.

"పని జరిగిందనడానికి ఫిర్యాదుగానీ, వివాదంగానీ?"

"ఒక్కటీ లేదు మేడమ్" అన్నాడు సుగుణాకర్.

"అంటే ప్రయోగాలు శూన్యం" అన్నారు పరాంకుశం గారు జాలిగా. "ఉన్నదని ఊహించవచ్చు. ఊహ ప్రమాణం కాదు కదండీ."

"ఇప్పుడు నడిపి చూపిస్తే ప్రయోగం దొరుకుతుంది సార్."

"అనుమతి లేకుండా నడపడం విధానపరంగా సాధ్యమా?" అని వేదాద్రి గారు అడిగారు. కాదని తేలింది. నకలు తీసే పనిముట్టు దరఖాస్తు 'తగిన ఆధారములు సమకూరు వరకు' పక్కన పెట్టబడింది.

రెండోది ఫైళ్ళ పేర్లు చూపే పనిముట్టు. సుగుణాకర్ దాన్ని రోజూ వాడతాడు గనుక ఒక ప్రయోగం దొరికింది. ఒకే మనిషి వెయ్యిసార్లు వాడినా ఒకటే అని నేను గుర్తుచేశాను. అదీ పక్కకు పోయింది.

మూడోది తుడిచివేసే పనిముట్టు.

పరాంకుశం గారు కుర్చీలో ముందుకు జరిగారు. "దాన్ని నేనెరుగుదును. ద్రుతప్రకృతికాల మీద రెండేళ్ళు కష్టపడి రాసిన నా వ్యాసాన్ని ఒక్క క్షణంలో లేకుండా చేసింది. నా కళ్ళారా చూశాను."

"నా షష్టిపూర్తి ఫొటోలు" అన్నారు వేదాద్రి గారు.

"పోయిన సంవత్సరం హాజరు మొత్తం సార్" అన్నాడు సుగుణాకర్.

నేను కూడా వెనకబడదలచుకోలేదు. ఆరో సంపుటానికి రాసుకున్న నా పీఠికను ఆ పనిముట్టే తినేసిందని, ఆ తరవాత తిరిగి రాసిన పీఠిక మొదటిదానికి సాటి రాలేదని చెప్పాను. కావలసినవి మూడైతే నాలుగు ప్రయోగాలు వచ్చాయి. నలుగురు సాక్షులు, నాలుగు సందర్భాలు, అర్థంలో ఏకాభిప్రాయం. మా పదకోశంలో ఇంత బలమైన ఆధారాలు ఉన్న ఆరోపాలు కొద్దిగానే ఉన్నాయి.

పైగా వేదాద్రి గారు ఇంకొక మంచి పాయింటు చెప్పారు. "నకలు తీసేది వస్తువును బయటికి చేరవేస్తుంది. ఇది ఏదీ బయటికి పోనివ్వదు. భద్రతా కోణంలో ఇంతకంటె నమ్మదగినది లేదు."

తుడిచే పనిముట్టుకు పూర్తి అనుమతి ఏకగ్రీవంగా మంజూరైంది. తీర్మానం నేనే రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది.

*

ఒక సూత్రం పనిచేస్తున్నప్పుడు దాన్ని కంప్యూటరుకే పరిమితం చేయడం పక్షపాతం అవుతుంది. వారం తిరగకముందే 'సంస్థాగత ప్రవేశాధికారముల హేతుబద్ధీకరణ' అన్న పేరుతో వేదాద్రి గారు ఉత్తర్వు జారీ చేశారు. గది గానీ, బీరువా గానీ, సొరుగు గానీ తెరవదలచినవారు, దాన్ని తాము తెరవగా చూసిన ముగ్గురిని చూపాలి.

అందరికంటె ముందు నష్టపోయింది పొద్దున్నే వచ్చి ఊడ్చిపోయే మనిషి. ఆమె గదులు తెరవగా చూసినవారు లేరు. గదులు శుభ్రంగా ఉండటం ప్రయోగం కిందికి రాదు. తాళంచెవులు తరచూ పోగొట్టుకునే గుమాస్తాకు మాత్రం అన్ని గదులకూ అనుమతి వచ్చింది. అతను తలుపులు పగలగొట్టించడం సంస్థ అంతా చూసినదే.

ఆ నెలలోనే వేదాద్రి గారు తమ సొరుగులోంచి కళ్ళజోడు తీసుకోబోయారు. అటెండరు అడ్డం వచ్చాడు.

"సార్, ఈ సొరుగు మీరెప్పుడైనా తీసేరా?"

"నా సొరుగయ్యా ఇది."

"మీదే సార్, కాదన్నెవులు. తీసీది నాను గదా. మీరు తియ్యగా సూసినోలు ముగ్గురుండాల."

వేదాద్రి గారు చాలాసేపు ఆలోచించారు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆ గదిలో తాము స్వయంగా తెరిచినది ఏదీ లేదని ఆయనకే తోచింది. "ఉత్తర్వు ఉత్తర్వే" అని, ఆ రోజంతా కాగితాలు చదివించుకుని సంతకాలు చేశారు. ఆయన నిజాయితీని సంఘం రికార్డు చేసింది.

ఈలోగా కంప్యూటరులో జరుగుతున్నది వేరు. నకలు తీసే పనిముట్టు ప్రతి సాయంత్రం వేళకు లేచి, ఒక్కొక్క ధ్వనిముద్రికనూ అడిగి, ఒక్కొక్కదానికీ కాదనిపించుకుని, ఆ కాదన్న సంగతిని విడిగా ఒక ఫైలులో రాసుకుంటోంది. వేల ముద్రికలు, సాయంత్రమంతా మళ్ళీ మళ్ళీ ప్రయత్నం. ఆ నిరాకరణల ఫైలు పెరుగుతూ పోయింది. డిస్కు టిక్కు టిక్కుమనడం వరండా దాకా వినిపిస్తోంది.

*

నూకరత్నం నాలుగోసారి వచ్చినప్పుడు కూర్చోలేదు.

"వొచ్చే లచ్చివారం సమచ్చరీకం. మాయమ్మ మీకు కూడెట్టి, సేపల పులుసెట్టి, గాలులు సెప్పిందా నేదా? అప్పుడు ఎవుల అనుమతి అడిగినాదేటి మిమ్మల్ని?"

నేను ఆమెను లోపలికి తీసుకువెళ్ళి సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. వినడం నకలు తీయడం కాదు. ఎల్లాయమ్మ గొంతును రికార్డు చేసిన రోజు విన్నవారు నలుగురు. కాబట్టి వినడానికి ప్రయోగాలున్నాయి. అయితే సంఘం సమక్షంలో వినాలి. పరాంకుశం గారు ఒప్పుకున్నారు. ఇంత సూక్ష్మంగా ఒక అడ్డంకిని తొలగించగలిగినందుకు నాకు నామీద గౌరవం పెరిగింది.

మధ్యాహ్నం మూడింటికి సుగుణాకర్ మౌసుతో ముద్రికను తెరిచాడు; మనిషి స్వయంగా తెరిస్తే వ్యవస్థ అనుమతి అడగదు. నూకరత్నం స్పీకరు పక్కనే నేలమీద కూర్చుంది. సెల్లుఫోను ఒళ్ళో ఉంది.

"ఫోను ఆపావా, అమ్మా?" అన్నాను.

"సౌండు రాకండా సేసీసినాను, అమ్మగోరూ."

నేను సంతృప్తి చెందాను.

మొదట సముద్రం హోరు, తరవాత ఎల్లాయమ్మ. "నాను సెప్తన్నాను, నువ్వు రాసుకో తల్లీ. పొద్దుగాల కొండమీంచి దిగీది కొండగాలి…" నూకరత్నం తల వంచుకుంది. వీపు మాత్రం కదులుతోంది. సంఘం సమావేశమై ఉన్నందున, ఖాళీగా కూర్చోవడం బాగుండదని మేము అజెండాలోని తరవాతి అంశం తీసుకున్నాం. నకలు తీసే పనిముట్టుకు తాత్కాలిక అనుమతి ఇవ్వవచ్చునా?

"ఒక నెలకు ఇచ్చి చూద్దామండీ" అని మొదటిసారిగా మెత్తబడింది పరాంకుశం గారు. "పాపం, ఆ డిస్కు…"

నేను గొంతు పెంచాను. మినహాయింపు ఇచ్చిన సూత్రం సూత్రమే కాదని, ఇవాళ పనిముట్టుకిస్తే రేపు పదానికివ్వాలని, మూడు ప్రయోగాలు తప్పనిసరి అని చెప్పాను. చాలా బాగా చెప్పానని అందరూ ఒప్పుకున్నారు. పరాంకుశం గారు తమ సూచన ఉపసంహరించుకున్నారు.

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "మా అమ్మ మాటాడతంటే మద్దిలో మాటాడినోలు మా ఇంట్లో ఎవులూ నేరు" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

*

రెండు రోజుల తరవాత డిస్కు నిండిపోయిందని కంప్యూటరు చెప్పింది. నిండింది నిరాకరణల ఫైలుతో. స్థలం ఖాళీ చేయడానికి అనుమతి ఉన్న పనిముట్టు ఒకటే ఒకటి. ఏం తుడవాలన్నదే ప్రశ్న. వేదాద్రి గారు ఫోనులో సలహా అడిగారు. నేను భోజనం చేస్తున్నాను. "ఒక పద్ధతి ప్రకారం పోదాం" అని, ఎడమచేత్తో ఫోను పట్టుకుని తీర్మానం చెప్పాను: 'కొత్త వ్యవస్థ అమలైన నాటినుండి మూడు వినియోగములు నమోదు కాని ఫోల్డర్లను తొలగించవచ్చును.'

సుగుణాకర్ లెక్క తీశాడు. నిరాకరణల ఫైలును పనిముట్టు ప్రతి సాయంత్రం తెరిచి రాస్తోంది. దాని వినియోగం తిరుగులేనిది. ధ్వనిముద్రికల ఫోల్డరుకు ఒకే ఒక వినియోగం ఉంది: నూకరత్నం విన్నది.

తుడిచే పనిముట్టు నల్ల కిటికీలో పని చేసేటప్పుడు రెండోసారి అడగదు. చెత్తబుట్టలో వేయదు. పూర్తి అనుమతి ఉంది గనుక వ్యవస్థ కూడా అడగలేదు. నేను మజ్జిగ పోసుకునేలోపల పని పూర్తయింది. ఆ రాత్రికి డిస్కు టిక్కుమనడం కూడా ఆపింది, మరి తెరుచుకోలేదు. తుడిచినదాన్ని వెలికితీసే నిపుణులున్నారన్న ఆశ దానితో పోయింది.

మర్నాడు సంగతి తెలియగానే నేను ఆ తీర్మానాన్ని మళ్ళీ చదివాను. అన్వయదోషం లేదు. సందిగ్ధత లేదు. విద్యార్థి ఎవరైనా రాసి ఉంటే మంచి మార్కులు వేసేదాన్ని.

లక్ష్మివారం నాడు నూకరత్నం ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. పేటలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. షామియానా వేసి ఉంది. చెప్పవలసిన వాక్యాన్ని ఆటోలో రెండు మూడు విధాలుగా కూర్చుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళేసరికి లోపలినుంచి ఎల్లాయమ్మ గొంతు వినిపించింది.

ఫొటో ముందు పీట మీద సెల్లుఫోను, దానికి తగిలించిన స్పీకరు. చుట్టూ ఇరవై ముప్ఫై మంది నేలమీద కూర్చున్నారు. కొండగాలి, పైరగాలి, ఈదర. ఒక్కొక్క పేరూ ఎల్లాయమ్మ చెబుతుంటే పెద్దవాళ్ళు తలలు ఊపుతున్నారు. వెనక డిస్కు టిక్కు టిక్కుమంటోంది. ఇంతలో ఎల్లాయమ్మ, "ఇంకోటుంది తల్లీ, అన్నిట్లోకీ సెడ్డది, దాని పేరు…" అంది. ఆ పేరు రావలసిన చోట, స్పష్టంగా, ఉచ్చారణ దోషం లేకుండా, నా గొంతు వినిపించింది: "మూడు ప్రయోగాలు తప్పనిసరి." దాని అడుగునుంచి ఎల్లాయమ్మ మళ్ళీ తేలింది. "…అది తగిలిందంటే వల వొదిలీసైనా ఒడ్డుకొచ్చీయాల."

అందరూ తిరిగి నన్ను చూశారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

నూకరత్నం లేచి వచ్చింది. "లోపలికి రండి, అమ్మగోరూ. బయిటెందుకు నిల్సుంటారు."

"అక్కడ ఉన్నది పోయిందమ్మా. ఇదొక్కటే మిగిలింది" అన్నాను. కూర్చుకున్న వాక్యాలేవీ పనికి రాలేదు.

"తుడిసీసినారా?"

"అవును."

"అనుమతి ఉందా దానికి?"

"ఉంది."

"మరింకేటి. పద్దతిగానే జరిగింది" అని పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"ఆ చెడ్డ గాలి పేరు నీకు తెలుసా, నూకరత్నం?"

"మాకేటి తెలుస్తాది. మా నాటికి ఇంజన్లొచ్చీసినాయి. అడుగుదారంటే ఆ తరపోలు ఎవులూ నేరు. మాయమ్మే ఆకరు." ఆమె ఒక విస్తరి ముందు నన్ను కూర్చోబెట్టింది. "టేపు గావాలంటే ఎక్కించుకుపొండి. నాను ఎవుల్నీ అడక్కర్లేదు."

పులుసు వడ్డిస్తుండగా నా ఫోనులోకి ఆ ముద్రిక వచ్చింది. ఫోల్డరు తెరవడానికి అనుమతిస్తారా అని ఫోను అడిగింది. నేను అధ్యక్షురాలిని సంప్రదించకుండానే సరే నొక్కాను.

నూకరత్నం దాన్ని బంధువులకు పంపింది, వాళ్ళు పడవల మీది కుర్రాళ్ళకు పంపారు. ఆరేళ్ళ తరవాత మా పదకోశం ఏడో సంపుటం వెలువడింది. దానిలో ఎల్లాయమ్మ చెప్పిన గాలులన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని చోట వేరొక ఆరోపం ఉంది. కొత్తగా వచ్చిన పరిశోధకురాలు మూడు ఊళ్ళలో ముగ్గురు వేరువేరు మత్స్యకారుల నోట విని, ఆధారాలతో సహా చేర్చినది. 'మూడుప్రయోగాల గాలి: వల విడిచి అయినను ఒడ్డు చేరవలసిన చెడు గాలి.'